బ్రేకు తొక్కే నీడ

పొద్దున్న ఏడున్నరకల్లా అర్తనారి సైకిలెక్కి షెడ్డుకి బయల్దేరతాడు. ఇంటినించి షెడ్డుకి దగ్గరదారి లారీ డ్రైవరు సెంగోడన్ భార్య పావాయి ఇంటి ముందునించే పోతుంది. ఏడు నెలలుగా అతను ఆ దారిన పోవడం లేదు. కోట కొండని చుట్టి, సిమెంటు గోడౌన్ల వెనకనించి, కుక్కలు వెంటపడే సందులోంచి పోతాడు. ఎవరైనా అడిగితే ఒంటికి మంచిదంటాడు. ఇరవై రెండేళ్ళుగా లారీల కింద పడుకుని బ్రేకులు బిగిస్తున్న మనిషికి ఇంకా ఏం వ్యాయామం కావాలని ఎవరూ నిలదీయలేదు. మా సంగగిరి జనానికి లారీ ఆరోగ్యం మీద ఉన్న శ్రద్ధ మనిషి ఆరోగ్యం మీద ఉండదు.

షెడ్డుకి వెళ్ళాక తలుపు తీస్తాడు, బండి కిందికి దిగే గుంట ఊడుస్తాడు, మురుగన్ పటం ముందు అగరవత్తి గుచ్చుతాడు, ఎదురు కొట్టులో టీ తాగి వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఆ తర్వాత పని ఎదురుచూడడమే. ఒకప్పుడు ఆ వేళకి అరడజను బండ్లు వరసకట్టి హారన్లు కొట్టేవి. ఇప్పుడు కొత్త బండ్లన్నీ కంపెనీ వర్క్‌షాపులకి పోతున్నాయి. అక్కడ డ్రైవరుని చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారట. అర్తనారి షెడ్డులో దొరికేది చేతులు తుడుచుకునే గుడ్డముక్క, అదీ ముందొచ్చినవాడు తుడుచుకున్నదే.

చలి పోయి ఎండ మొదలయ్యే మాసి నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం అతని భార్య పూంగొడి క్యారేజీతో పాటు ఒక కబురు కూడా మోసుకొచ్చింది.

"పావాయక్క వచ్చి వెళ్ళింది," అంది మూత తీస్తూ.

అర్తనారి చేతిలో రెంచీ ఆగిపోయింది. "ఎందుకట?"

"సెంగోడన్ బావ బండి బాగై వచ్చేసిందిగా. నిన్ను తోలమంటోంది."

"నన్నా? నేను డ్రైవర్నా?"

"లైసెన్సు లేదూ?"

"అది బ్రేకు పట్టిందో లేదో రోడ్డు చివరిదాకా తోలి చూడ్డానికి తీసుకున్నది."

"రోడ్డు చివరిదాకా తోలినవాడివి ఇంకో రెండువేల కిలోమీటర్లు తోలలేవా? అదే రోడ్డేగా."

"నడుం నెప్పి."

"లారీ కింద పడుకుంటే రాని నెప్పి పైన కూర్చుంటే వస్తుందా?"

"కళ్ళు కూడా ఈమధ్య..."

"నా జడలో తెల్ల వెంట్రుక వాకిట్లోంచి కనిపెట్టి చెబుతావు. ఇక చాల్లే." పూంగొడి చారు వడ్డించి గొంతు తగ్గించింది. "నాలుగు రోజుల్లో మాట చెప్పమంది. లేదంటే బండి అమ్మేస్తుందట. బండి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? పిల్ల చదువు మధ్యలో ఉంది. ఇక్కడ చూస్తే నువ్వు రోజంతా ఈగలు తోలుతున్నావు. రెండిళ్ళూ గట్టెక్కుతాయి. ఆలోచించడానికి ఏముందని?"

"వేరే డ్రైవర్లే దొరకలేదా?"

"నీడ ఇంకా మెట్ల మీదే కూర్చుని ఉందిగా. ఎవరెక్కుతారు?"

సంగగిరిలో బండి తీసుకుని దూరపు లైను ఎక్కినవాడి నీడ ఊళ్ళోనే ఉండిపోతుంది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు చితికి బండి కదలగానే, డ్రైవరు కాళ్ళ దగ్గరినించి నీడ దిగి, తలుపు సందులోంచి జారి, ఇంటికి నడిచొస్తుంది. మనిషి నాసిక్‌లోనో గౌహతిలోనో తిరుగుతుంటాడు, నీడ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంటుంది. పిల్లలు దానికి ఎక్కాలు అప్పజెబుతారు. ఆడవాళ్ళు వడియాలకి కాపలా పెడతారు, కాకులు దాన్ని లెక్కచెయ్యవు, అది వేరే సంగతి. ఎదురు చెప్పదు, కూరకి వంక పెట్టదు. మనిషికన్నా నీడే నయమని అనని ఇల్లాలు మా వీధుల్లో లేదు. మనిషి తిరిగొచ్చి గడప ముందు చెప్పులు విడిచి నిలబడితే లేచి వచ్చి కాళ్ళకి అతుక్కుంటుంది. ఉత్తరాది టోలుగేట్ల దగ్గర మండుటెండలో నీడలేని మనిషి బండి దిగితే, నంబరు చూడకుండానే సంగగిరి వాడని చెప్పేస్తారు.

లైనులో ప్రాణం పోయినవాళ్ళ నీడలు మూడోరోజు కర్మకి పాలు పోసేసరికి కరిగిపోతాయి. చనిపోయి ఏడు నెలలైనా సెంగోడన్ నీడ కరగలేదు. కరగకపోతే ఎవరికీ అభ్యంతరం లేదు, ఒక్క చిక్కు తప్ప. పాత డ్రైవరు నీడ ఇంటిదగ్గర కూర్చుని ఉన్నంతకాలం ఆ సీటు ఖాళీ కాలేదనే లెక్క. అందులో ఇంకో డ్రైవరు కూర్చోడు. మెకానిక్కులకి ఆ పట్టింపు ఉండదని పావాయి ఆశ.

నిజానికి అర్తనారికి లారీ తోలాలని ఇరవయ్యో ఏటినించీ ఉంది. వాళ్ళ నాన్న వద్దని లారీ కిందకి తోశాడు. ఇరవై రెండేళ్ళు అతను లారీల పొట్టలే చూశాడు, అవి చూసిన ఊళ్ళు చూడలేదు. పూంగొడి కబురు చెప్పగానే ముందు లోపల ఒక మూల సంబరమేసింది. ఆ సంబరం తెలిసేసరికి తన మీద తనకే రోత పుట్టింది. అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

పూంగొడికి తెలియనిది, పావాయికి తెలియనిది, ఊళ్ళో ఎవరికీ తెలియనిది ఇదీ.

ఏడు నెలల కిందట, ఆడి నెలలో ఒక మిట్టమధ్యాహ్నం సెంగోడన్ బండి తెచ్చి గుంట మీద పెట్టాడు. కృష్ణగిరి పోయి మామిడి గుజ్జు డబ్బాలు ఎక్కించుకుని కొచ్చి పోవాలి. వెనక బ్రేకులకి కొత్త పట్టీలు వేశాడు అర్తనారి. ఆ తర్వాత ఎప్పటిలాగే తను కింద, సెంగోడన్ పైన సీట్లో.

"తొక్కు అన్నా," అని కిందనించి కేకేస్తే పైన పెడలు తొక్కుతాడు. "పట్టుకో," అంటే తొక్కి పట్టుకుంటాడు. ఆలోపు కింద చూసుకోవాల్సినవి చూసుకుని, "వదులు," అంటాడు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరిదీ అదే పద్ధతి. సెంగోడన్ పైన కూర్చుని పాట కూనిరాగం తీస్తూ తొక్కేవాడు, రాగం తప్పితే కిందనించి అర్తనారి తిట్టేవాడు.

ఆ రోజు "పట్టుకో" అన్నాక, కుడి వెనక చక్రం దగ్గర ఒక పిన్ను విరిగి ఉండడం చూశాడు. వేలెడంత కూడా ఉండదు ఆ పిన్ను. బ్రేకు కడ్డీ జారిపోకుండా పట్టి ఉంచేది అదే. డబ్బాలో వెతికితే ఒక్కటీ లేదు. సామాన్ల కొట్టువాడు భోజనానికి పోయాడు, మూడింటికి గాని తియ్యడు. బండి అప్పటికే ఆలస్యమైంది. కట్టుతీగ ముక్క ఒకటి దొరికితే రెండు మెలికలు తిప్పి బిగించేశాడు. రెండు రోజులు ఆగకపోతుందా అనుకున్నాడు. బయటికి పాక్కుంటూ వచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"అయిందా తమ్ముడూ?" అన్నాడు సెంగోడన్ కిటికీలోంచి.

"అయింది, పో అన్నా."

తీగ సంగతి చెప్పలేదు. చెబితే ఆగిపోతాడని కాదు, చెప్పాల్సినంత విషయం అనిపించలేదు.

మర్నాడు పట్టపగలు పన్నెండింటికి, తొప్పూరు కనుమ దిగుతూ ఆ బండి లోయలోకి పోయింది.

తుక్కుతుక్కైన బండిని లాక్కొచ్చి అర్తనారి షెడ్డులోనే పెట్టారు. కుడి వెనక చక్రం దగ్గర తీగ లేదు, కడ్డీ వేలాడుతోంది. తనిఖీ అధికారి మధ్యాహ్నం వస్తాడని కబురొచ్చింది. అర్తనారి షెడ్డు తలుపు వేసి, కిందకి దూరి, కడ్డీ ఎక్కించి, కొత్త పిన్ను పెట్టాడు. చేతులు వాటంతటవే చేశాయని తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకున్నాడు. చేతులకి అంత తెలివి ఉండదని అతనికి తెలుసు. వచ్చిన ఆయన టార్చి వేసి చూసి, "బ్రేకుల పని బ్రహ్మాండంగా చేశావయ్యా," అని మెచ్చుకున్నాడు. కాగితం మీద డ్రైవరు నిద్రపోయాడని రాసుకుని పోయాడు.

మా ఊళ్ళో ఆయుధపూజనాడు లారీ స్టాండులో ఆ ఏడు లైనులో పోయినవాళ్ళ పేర్లు పిలుస్తారు. ఒక్కో పేరుకి అక్కడున్న బండ్లన్నీ ఒక్కసారిగా హారను కొడతాయి. తాగి పోయినవాడికీ, నిద్రపోయి పోయినవాడికీ ఆ మర్యాద లేదు. ఆ రోజు స్టాండు పెద్ద కుప్పణ్ణన్ మూడు పేర్లు పిలిచి కాగితం మడిచేశాడు. పావాయి, ఆమె కూతురు తేన్‌మొళి ఇంకా పిలుస్తాడేమోనని జనం వెళ్ళిపోయేదాకా నిలబడే ఉన్నారు. నాలుగడుగుల దూరంలో అర్తనారి కూడా నిలబడ్డాడు, చేతిలో ప్రసాదం పొట్లంతో. ఆ పొట్లం ఇంటికి తీసుకెళ్ళకుండా కాలవలో పారేశాడు.

పావాయి గడువు పెట్టిన నాలుగోరోజున, కుదరదని చెప్పడానికే పావాయి ఇంటికి బయల్దేరాడు. నడుం నెప్పి అని చెబుదామని దారి పొడుగునా వల్లెవేసుకున్నాడు.

ఎండ నెత్తిమీదకి రాబోతోంది. పావాయి వాకిట్లో చేటతో మినుములు చెరుగుతోంది. అర్తనారిని చూసి పీట జరిపింది. మెట్ల మీద, గోడకి ఆనుకుని, సెంగోడన్ నీడ కూర్చుని ఉంది. ఏడు నెలల తర్వాత దాన్ని మొదటిసారి దగ్గరగా చూశాడు. భుజాలు, పలచటి జుట్టు, ముందుకి వంగిన మెడ, అన్నీ సెంగోడన్‌వే. చేతులు రెండూ గాలిలో ఏదో పట్టుకున్నట్టున్నాయి. కుడికాలు మాత్రం ఊరుకోవడం లేదు. కిందకి నొక్కుతోంది, మళ్ళీ నొక్కుతోంది, నొక్కి పట్టుకుంటోంది. కాసేపాగి మళ్ళీ మొదలుపెడుతోంది.

"ఎప్పుడూ అంతే," అంది పావాయి అతని చూపు గమనించి. "వీధిలో వాళ్ళందరూ తాళం వేస్తున్నాడంటారు. పాటల పిచ్చి కదా మీ అన్నకి."

ఆ కాలి మీదనించి చూపు తిప్పకుండానే అర్తనారి పీట మీద కూర్చున్నాడు. అది తాళం కాదు. ఆ తొక్కుడు లారీ కింద పడుకుని ఇరవై ఏళ్ళు విన్న తొక్కుడు.

"నేను రోజూ తిడుతూనే ఉంటాను దాన్ని," అంది పావాయి, మినుములు ఎగరేస్తూ. "ఎందుకు నిద్రపోయావు, కళ్ళెదుట కనుమ పెట్టుకుని ఎలా పట్టింది నీకు నిద్ర, అని. తిట్టాక నన్ను నేను తిట్టుకుంటాను. మారియమ్మ గుడి దగ్గర అంబలి పొయ్యాలని రెండు రోజులు పొయ్యి ముందు నిలబెట్టాను ఆయన్ని. ఒక్క కునుకు తియ్యనివ్వలేదు. మూడోరోజు లైనుకి పంపాను. చంపింది నేనే తమ్ముడూ. పిల్ల మొహం చూసినప్పుడల్లా అదే అనిపిస్తుంది."

వల్లెవేసుకొచ్చిన నడుం నెప్పి మాట అర్తనారికి గుర్తే రాలేదు. తన పాపం తన దగ్గరే ఉందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది వచ్చి ఈ ఇంట్లో కాపురం పెట్టిందని, ఈ మనిషి దాన్ని తనదనుకుని మోస్తోందని తెలియలేదు.

పీట మీదనించి దిగి నేలమీద కూర్చున్నాడు.

"ఆయన నిద్రపోలేదు వదినా."

పావాయి చేట ఆపింది.

అంతా చెప్పాడు. పిన్ను విరగడం, కొట్టు మూసి ఉండడం, తీగ, "అయింది పో అన్నా" అనడం. షెడ్డు తలుపు వేసి కొత్త పిన్ను పెట్టడం చెప్పేటప్పుడు మాటలు ముద్దముద్దగా వచ్చాయి. అయినా ఏదీ దాచలేదు.

పావాయి చేటలో మినుములు ఒక్కొక్కటే వేలితో పక్కకి నెట్టింది. అతను కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఏడు నెలలు," అంది చివరికి. "ఏడు నెలలు ఈ మెట్ల మీద నిలబడి నిద్రమొహమా అని తిట్టాను. వింటూ కూర్చున్నాడు."

"వదినా..."

"నాకు కాదు చెప్పాల్సింది. ఆయనకి చెప్పు."

అర్తనారి మెట్ల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాడు. నీడ కాలు నొక్కి పట్టుకుని ఉంది. క్షమించమని అడగడానికే వెళ్ళాడు, కానీ ఇరవై ఏళ్ళుగా ఆ మనిషితో ఆ కాలి దగ్గరినించి మాట్లాడినవి మూడే మాటలు. ఆ రోజు అందులో మూడోది చెప్పకుండానే బండి కిందనించి బయటికి వచ్చేశాడు.

"బ్రేకు పట్టలేదన్నా," అన్నాడు, కిందనించి పైకి చూస్తూ. "నీ తప్పేం లేదు. నువ్వు తొక్కావు. పట్టలేదు. వదులు."

కాలు పైకి లేచింది.

నీడ చేతులు ఒళ్ళోకి దించుకుంది. పొడుగాటి లైను తోలి వచ్చినవాడిలా నడుం వెనక్కి విరుచుకుని, లేచి, పావాయి దగ్గరికి వెళ్ళి, ఆమె పాదాల పక్కన కాసేపు నిలబడింది. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. వాకిట్లో ఉన్న నీడలన్నీ కురచై వస్తువుల కిందికి చేరిపోయాయి. పొద్దు కాస్త వాలి తక్కిన నీడలు మళ్ళీ బయటికొచ్చినప్పుడు సెంగోడన్ నీడ వాటిలో లేదు.

పావాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చాక మొహం తుడుచుకుని, "స్టాండుకి పో," అంది. "అందరి ముందూ చెప్పు. చెప్పిన తర్వాత నాకు కనపడకు."

అర్తనారి వెళ్ళి చెప్పాడు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని విన్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. ఒకాయన అతని కాళ్ళ ముందు ఉమ్మేశాడు. షెడ్డులో ఉన్న ఒకే ఒక్క బండిని దాని ఓనరు అప్పటికప్పుడు తోలుకుపోయాడు. కుప్పణ్ణన్ మాత్రం కళ్ళజోడు తీసి పైపంచెతో చాలాసేపు తుడిచాడు.

"సెంగోడన్ పేరు వచ్చే పూజకి అందరికన్నా ముందు పిలుస్తాను," అన్నాడు. "నీ పేరు మటుకు నేనున్నంతకాలం ఈ స్టాండులో పలకను. ఇప్పుడు నాతో రా. బండ్ల తనిఖీ ఆఫీసులో కూడా ఇదే రాసిద్దువు గాని."

రాసిచ్చాడు. పిలిచినప్పుడు రావాలన్నారు, వస్తానన్నాడు.

ఇంట్లో పూంగొడి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు కంచం ముందు పెట్టి ఒక్క మాట అడిగింది. "ఏడు నెలలు నా ఎదురుగా కూర్చుని రోజూ ఎలా తిన్నావయ్యా?" అర్తనారి కంచం ముందు తల దించుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆమే చారు పోసింది.

షెడ్డుకి ఇక ఎవరూ రారని తెలిసినా పొద్దున్నే తలుపు తీసేవాడు. అయిదోరోజు గుమ్మంలో పావాయి నిలబడింది. చేతిలో లారీ తాళాలున్నాయి.

"బండి నువ్వే తోలాలి," అంది.

అర్తనారి స్టూలు మీదనించి లేచాడు. "నన్ను కనపడొద్దన్నావు వదినా."

"లైనులో ఉంటే కనపడవుగా." ఆమె లోపలికి రాలేదు. "నీడ పోయిందని తెలిసి ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. మంచివాళ్ళే. బండి ఎక్కేముందు ఏం చూస్తారని అడిగాను. ఒకడు డీజిలు అన్నాడు, ఒకడు అద్దాలన్నాడు. చక్రం కిందకి దూరి చూస్తానన్నవాడు లేడు. నువ్వు చూస్తావు. చూడకుండా నీకు ముద్ద దిగదు. అందుకు ఇస్తున్నా. జాలిపడి ఇస్తున్నాననుకుంటే నీ పొరపాటు."

"ఆయన సీటులో నేను..."

"అది నీ బాధ. రేపటికి చెప్పు." తాళాలు స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అర్తనారి బండి దగ్గరికి వెళ్ళాడు. కొత్త చెక్క బాడీ, కొత్త రంగు, లోపల సీటు కూడా కొత్తదే. ఎక్కి కూర్చున్నాడు. ఇరవయ్యో ఏట ఇలా కూర్చోవాలని ఎంత తపించాడో గుర్తొచ్చింది. అద్దంలోంచి కనిపించే పొడుగాటి రోడ్డు అప్పుడు పండగలా అనిపించేది. ఇప్పుడు కాలు బ్రేకు మీద పెడితే తియ్యబుద్ధి కాలేదు. తీస్తే ఏమవుతుందో అని భయం. తోలనని చెప్పే హక్కు తనకి లేదు, తోలతానని చెప్పే మొహమూ లేదు. ఎవరో చెయ్యమంటే చెయ్యడం ఒక పని, ఈ భయంతో రోజూ పొద్దున్నే లేచి చెయ్యడం ఇంకో పని. ఊళ్ళో ఉంటే తల దించుకుని బతికేయొచ్చు. ఈ సీట్లో తల ఎత్తి ముందుకి చూస్తూ ఉండాల్సిందే. గంటసేపు కూర్చున్నాడు. తర్వాత దిగి, చక్రం కిందకి దూరి, కుడి వెనక పిన్ను వేలితో తడిమి చూశాడు. బయటికి రాగానే పావాయికి తోలతానని కబురు పంపాడు.

బుధవారం పొద్దున బండి కదిలింది. ముందు చక్రాల కింద పావాయే నిమ్మకాయలు పెట్టింది. పూంగొడి పులిహోర మూట, మంచినీళ్ళ క్యాను అందించి, తన గడప దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది, నీడ వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా. వాకిలి ఊడ్చి, మెట్ల మీద నీళ్ళు చల్లి ఆరబెట్టింది. బండి మలుపు తిరుగుతుంటే అర్తనారి తన కాళ్ళ దగ్గర తేలికైనట్టు గ్రహించాడు. అద్దంలో చూస్తే రోడ్డు మీద తన నీడ దిగి నడుస్తోంది. అందరికీ జరిగేదే కదా అనుకుని గేరు మార్చాడు.

కొల్హాపూర్ పోయి సరుకు దించి, మళ్ళీ ఎక్కించుకుని, పన్నెండోరోజు పొద్దున పదకొండింటికి తిరిగొచ్చాడు. తొప్పూరు కనుమ దిగేటప్పుడు మూడుచోట్ల ఆపి మూడుసార్లు కిందకి దూరాడు. వెనకనించి వచ్చే బండ్లవాళ్ళు పిచ్చోడని హారన్లు కొట్టారు. స్టాండులో బండి పెట్టి, ఇంటికి నడిచి, గడప ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

మెట్ల మీద ఏమీ లేదు. పూంగొడి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఇక్కడ లేదు," అంది. "మన వీధి మొగ దాకా వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ ఆగింది. ఆగి అటు తిరిగిపోయింది."

"ఎటు?"

"పావాయక్క ఇంటికి. మెట్ల మీద కూర్చుంది. పిలిచినా రాలేదు." ఆమె తన మెట్ల వైపు చూసింది. "పదకొండు రోజులూ సాయంత్రం నేనే అక్కడికి వెళ్ళి దాని పక్కన కూర్చుని వచ్చాను. మొదటిరోజు అక్క నాతో మాట్లాడలేదు. రెండోరోజు కూరలు తరగడానికి కత్తిపీట ఇచ్చింది. వెళ్ళు. ముందు అక్కడికి వెళ్ళిరా."

అర్తనారి చెప్పులు తొడుక్కోలేదు. ఒట్టికాళ్ళతో, నీడలేకుండా, ఎండలో వీధులు దాటి నడిచాడు. ఏడు నెలలు తప్పించుకు తిరిగిన దారే. అరుగుల మీద జనం చూసి మొహం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు.

పావాయి మెట్ల దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్క మెట్టు మీద అతని నీడ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉంది. దాని పక్కన తేన్‌మొళి భూగోళం పుస్తకం తెరిచి నదుల పేర్లు అప్పజెబుతోంది. అతన్ని చూసి నీడ కదల్లేదు. పిల్ల పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది.

అర్తనారి వాకిట్లో నిలబడ్డాడు. నేల కాలుతోంది. పావాయి తలెత్తలేదు. ఇంకో గుప్పెడు చింతపండు తీసుకుని గింజలు వేరుచేసింది. అదయ్యాక ఇంకో గుప్పెడు తీసుకుంది.

"పిన్ను చూశావా?" అంది అప్పుడు.

"చూశాను వదినా. ఆగిన ప్రతిచోటా."

"కనుమలో?"

"మూడుసార్లు."

పావాయి బుట్ట అంతా పూర్తయ్యేదాకా గింజలు తీసింది. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, నీడ వైపు తిరిగింది.

"లే," అంది. "వెళ్ళు."

నీడ లేచింది. తొందరేం పడకుండా మెట్లు దిగి, వాకిలి దాటి వచ్చి అతని కాళ్ళకి అతుక్కుంది. కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కాయి. అర్తనారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఎవరికోసమో అతనికే తెలియలేదు.

"మళ్ళీ లైను ఎప్పుడు?" అంది పావాయి.

"శనివారం వదినా."

ఆమె చేట అందుకుంది.

"అయితే శనివారం దాకా నీ దగ్గర ఉంచుకో."